విశేషణం దగ్గర ఆగిపోకండి

అమలాపురం

చిరంజీవులకు,

ఆశీస్సులు. మీరు పంపిన ఇంగ్లీషు వ్యాసాలన్నీ శ్రద్ధగా చదివాను. వరదల గురించి రాసినవే ఎక్కువ. కోనసీమ పిల్లలకు అంతకంటే బాగా తెలిసిన విషయం ఏముంటుంది? మీకు మాటలు చాలానే వచ్చు. చిక్కల్లా విశేషణం దాటాక వస్తోంది. ‘హై’, ‘స్ట్రాంగ్’, ‘అఫ్రెయిడ్’, ‘పాసిబుల్’ వంటి మాట దాకా వాక్యం చక్కగా నడిచి, ఆ పైన తడబడుతోంది. అందుకే ఈ ఉత్తరమంతా ఆ ఒక్క చోటు గురించే రాస్తున్నాను.

తెలుగులో విశేషణం రాకముందే దానికి కావలసినవన్నీ వచ్చేస్తాయి. ‘కృష్ణ కంటే గోదావరి పొడవు’ అంటాం. దేనితో పోలుస్తున్నామో ముందే చెప్పేశాం కాబట్టి ‘పొడవు’ అనగానే వాక్యం అయిపోతుంది. ఇంగ్లీషులో ‘ది గోదావరి ఈజ్ లాంగర్’ అన్నారనుకోండి, వినేవాళ్లు ఇంకా చూస్తూనే ఉంటారు. ‘దన్ ది కృష్ణా’ అన్నాకే వాళ్లకు తృప్తి. (గోదావరి 1,465 కిలోమీటర్లు, కృష్ణ సుమారు 1,400. తేడా మీరు అనుకున్నంత పెద్దది కాదు.) మన డెల్టాలో ఏ చేనికి ఆ తూము ఉన్నట్టే ఇంగ్లీషులో ప్రతి విశేషణానికీ తనదైన దారి ఉంటుంది. ఒకదాని వెనుక ‘దన్’ వస్తుంది, ఒకదాని వెనుక ‘దట్’, మరొకదాని వెనుక ‘టు’. ఏది దేని వెనుక వస్తుందో పట్టుకోవాలి.

ముందు పోలికల సంగతి చూద్దాం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగుల దాకా వచ్చింది. ఈ సంగతి చెబుతూ మీలో చాలామంది ‘ది వాటర్ లెవెల్ ఇన్ 1986 వాజ్ హయ్యర్ దన్ 2022’ అని రాశారు. ‘2022 కంటే 1986లో నీరు ఎక్కువ’ అని తెలుగులో అంటే అందరికీ అర్థమవుతుంది, తప్పు పట్టేవారుండరు. ఇంగ్లీషులో అలా రాస్తే ఒకవైపు నీటిమట్టం, మరోవైపు సంవత్సరం నిలబడతాయి. ‘ది వాటర్ లెవెల్ వాజ్ హయ్యర్ ఇన్ 1986 దన్ ఇన్ 2022’ అనండి. ‘దన్’కు అటూ ఇటూ ఒకే జాతివి ఉన్నాయో లేదో చూసుకుంటే సగం తప్పులు పోతాయి.

ఇంకొక వాక్యం: ‘ది గోదావరి ఈజ్ లాంగర్ దన్ ఎనీ రివర్ ఇన్ సౌత్ ఇండియా’. గోదావరి కూడా దక్షిణాది నదే కదా! తనకంటే తానే పొడవు ఎలా అవుతుంది? ‘ఎనీ అదర్ రివర్’ అనాలి. పరీక్షల్లో ‘డిగ్రీలు మార్చండి’ అనే ప్రశ్నకు ఈ ‘అదర్’ను గుడ్డిగా బట్టీ పట్టిస్తారు, ఎందుకో చెప్పరు. కారణం తెలిస్తే బట్టీ అక్కరలేదు.

‘మై సిస్టర్ ఈజ్ ఎల్డర్ దన్ మీ’ అని రాసినవాళ్లూ ఉన్నారు. ‘ఎల్డర్’ మనుషులకే చెల్లుతుంది, అదీ ‘మై ఎల్డర్ సిస్టర్’ అన్నట్టు నామవాచకం ముందు. దాని వెనుక ‘దన్’ రాదు. పోల్చాలంటే ‘ఓల్డర్ దన్’ అనాలి. రాజమహేంద్రవరంలో 1900 నాటి హేవ్‌లాక్ వంతెన 1974 నాటి రోడ్డు రైలు వంతెన కంటే ‘ఓల్డర్’, అంతేగాని ‘ఎల్డర్’ కాదు. ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’ లాటిన్ నుంచి పోలిక అర్థాన్ని తమతోనే తెచ్చుకున్నాయి. వాటికి ‘దన్’ పనికిరాదు, ‘టు’ కావాలి.

ఇక విశేషణం ఒక మాటతో ఆగక మొత్తం ఉపవాక్యాన్నే వెంట తెచ్చుకునే చోటుకు వద్దాం. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. ‘ది కరెంట్ వాజ్ వెరీ స్ట్రాంగ్ దట్ ది ఫెర్రీ కుడ్ నాట్ క్రాస్’ అని రాశారు. ‘వెరీ’కి ‘దట్’ను పిలిచే శక్తి లేదు. ఆ పని ‘సో’ది: ‘సో స్ట్రాంగ్ దట్ ది ఫెర్రీ కుడ్ నాట్ క్రాస్’. ఇక్కడ మన భాష మనకు చక్కగా సాయం వస్తుంది. ‘ప్రవాహం ఎంత ఉద్ధృతంగా ఉందంటే, పంటు దాటలేకపోయింది’ అంటాం కదా! ‘ఎంత’ ఉన్నచోట ‘సో’, ‘అంటే’ ఉన్నచోట ‘దట్’. వరుస కూడా ఒకటే. విశేషణం తర్వాత నామవాచకం ఉంటే ‘సో’ బదులు ‘సచ్’ వస్తుంది: ‘సచ్ ఎ స్ట్రాంగ్ కరెంట్ దట్’.

అదే విషయాన్ని ‘టూ స్ట్రాంగ్ ఫర్ ది ఫెర్రీ టు క్రాస్’ అనీ చెప్పవచ్చు. చూడండి, ఇందులో ‘నాట్’ లేదు. ‘దాటలేదు’ అన్న అర్థాన్ని ‘టూ’ తన కడుపులోనే దాచుకుంది. అందుకే దాన్ని ‘చాలా’ అనే అర్థంలో వాడకండి. ఆత్రేయపురం పూతరేకులు ‘టూ స్వీట్’ అంటే ఆ తీపి మీకు మితిమీరినట్టు అనిపించిందని అర్థం. మెచ్చుకోవాలంటే ‘వెరీ స్వీట్’ చాలు.

లంక గ్రామం నుంచి రాసిన అమ్మాయి వ్యాసం చాలా బాగుంది. అందులో ఒక్క చోట ‘వి వర్ అఫ్రెయిడ్ ఆఫ్ దట్ ది బండ్ విల్ బ్రీచ్’ అని ఉంది. అమ్మా, ‘అఫ్రెయిడ్ ఆఫ్ ది ఫ్లడ్’ సరైనదే, ఎందుకంటే ‘ఆఫ్’ తర్వాత నామవాచకం ఉంది. ఉపవాక్యం రాగానే ‘ఆఫ్’ తప్పుకుంటుంది: ‘అఫ్రెయిడ్ దట్ ది బండ్ వుడ్ బ్రీచ్’. ‘ప్రౌడ్’, ‘ష్యూర్’, ‘అవేర్’ కూడా అంతే. ‘ఏటిగట్టు తెగుతుందేమోనని భయపడ్డాం’ అన్నప్పుడు మన ‘అని’ ఉపవాక్యం చివర నిలుస్తుంది. ‘దట్’ ఉపవాక్యానికి ముందు నిలుస్తుంది.

‘పాసిబుల్’, ‘లైక్లీ’ అర్థంలో దగ్గరివే అయినా నడక వేరు. ‘ది రివర్ ఈజ్ లైక్లీ టు రైజ్’ అనవచ్చు. ‘ది రివర్ ఈజ్ పాసిబుల్ టు రైజ్’ అనకూడదు, ‘ఇట్ ఈజ్ పాసిబుల్ దట్ ది రివర్ విల్ రైజ్’ అనాలి. దీని వెనుక లెక్క వెతకకండి, వాడుక అలా స్థిరపడింది. అందుకే నిఘంటువులో అర్థం చూసి పుస్తకం మూసేయవద్దు. కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం కూడా రాసుకోండి. అర్థం ఒక్కటే నేర్చుకున్న విశేషణం సగమే వచ్చినట్టు.

‘ది స్ట్రీమ్ ఈజ్ ఈజీ టు క్రాస్’, ‘ది బోట్‌మన్ ఈజ్ రెడీ టు క్రాస్’ అనే రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పైకి ఒకే రూపం. రెండోదానిలో దాటేది పడవవాడే. మొదటిదానిలో దాటేవాళ్లు ఎవరో చెప్పలేదు, ఏరు దాటించుకునేది మాత్రమే. ‘క్రాస్’ తర్వాత మళ్లీ ‘ఇట్’ చేర్చవద్దు, ఆ ‘ఇట్’ ఏమిటో మొదటే చెప్పేశాం.

చివరిగా ఒకటి. ధవళేశ్వరం బ్యారేజి గురించి రాసిన అబ్బాయి ‘ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్ ది గేట్స్ ఆర్ ఓపెన్డ్’ అన్నాడు. తప్పనలేను. ఇంకా జరగని, జరిగి తీరాల్సిన పని గురించి చెప్పేటప్పుడు పుస్తకాల ఇంగ్లీషులో ‘ది గేట్స్ బి ఓపెన్డ్’ అంటారు. ‘షుడ్ బి ఓపెన్డ్’ అన్నా బాగుంటుంది. ‘ఇంపార్టెంట్’, ‘నెసెసరీ’ వెనుక కూడా ఇదే పద్ధతి.

‘ప్రౌడ్’, ‘లైక్లీ’, ‘సో’, ‘ఓల్డర్’, ‘ఎసెన్షియల్’ మాటలతో మీ ఊరి గురించి తలా ఒక్కో వాక్యం రాసి పంపండి. దిద్ది పంపుతాను.

మీ తాతయ్య