ఎంత బిగిస్తే అంత మంచిదా? బైక్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

రిపేరుకు వచ్చే బళ్లలో వాడి వాడి అరిగిపోయినవి నన్నంతగా బాధపెట్టవు. అతిగా చేసి చెడగొట్టినవి బాధపెడతాయి. చైన్ అతిగా బిగించి ఉంటారు, ఆయిల్ అతిగా పోసి ఉంటారు, బోల్టు మర పోయేదాకా తిప్పి ఉంటారు. బండి మీద ప్రేమ లేనివాళ్లు అసలు ముట్టుకోరు కాబట్టి ఇవన్నీ ప్రేమతో చేసినవే. ఎంత ఎక్కువైతే అంత మేలన్న నమ్మకం దగ్గరే తేడా వస్తోంది.

అపోహ: చైన్ అస్సలు ఊగకూడదు.

చైన్ కాస్త వేలాడితే చాలు, చాలామందికి టెన్షన్. ఆ వదులు కావాలని ఉంచిందే. మీరు బండి ఎక్కగానే వెనక సస్పెన్షన్ కిందికి దిగుతుంది. దిగేకొద్దీ గేర్‌బాక్స్ దగ్గరి స్ప్రాకెట్ అనే పళ్ల చక్రానికీ వెనక ఇరుసుకీ మధ్య దూరం పెరుగుతుంది. ఆ రెండూ, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం) కీలూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. స్టాండు మీద ఉన్నప్పుడే వదులు లేకుండా బిగిస్తే, గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ లాగుడంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీదికి పోతుంది. చైన్ అరిగితే మార్చుకోవచ్చు. ఆ బేరింగ్ పోతే పని ఇంజన్ దాకా వెళ్తుంది.

మామూలు బళ్లలో చైన్ కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే మొత్తం కదలిక 20 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మీ బండికి ఎంత ఉండాలో, ఏ స్టాండు మీద కొలవాలో మాన్యువల్‌లో ఉంటుంది. చాలా బళ్లకు స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కర్ కూడా ఉంటుంది. ఒక్కచోట చూసి వదిలేయకండి, చైన్ అన్నిచోట్లా సమంగా అరగదు. చక్రం కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడ కొలత సరిపోవాలి. చోటుకీ చోటుకీ తేడా మరీ ఎక్కువగా ఉంటే చైన్‌నూ రెండు స్ప్రాకెట్లనూ కలిపి మార్చేయడమే మంచిది.

చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజన్ ఆన్ చేసి, గేర్ వేసి, తిరుగుతున్న చైన్‌ను గుడ్డతో తుడిచేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. గుడ్డ చిక్కుకుందంటే వేళ్లు స్ప్రాకెట్‌లోకి పోతాయి, వెనక్కి లాక్కునే టైమ్ ఉండదు.

ఓ-రింగ్ చైన్‌కు, అంటే లింకుల మధ్య రబ్బరు రింగులున్న చైన్‌కు, లూబ్ అక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. లోపలి పిన్నుల దగ్గర గ్రీజు సీల్ అయి ఉన్న మాట నిజమే. బయటి రోలర్లు తుప్పు పట్టకుండా, రబ్బరు రింగులు ఎండకుండా చూసేది మాత్రం మనం వేసే లూబే. సుమారు 500 కిలోమీటర్లకోసారి, వానలో బాగా తడిస్తే ఇంకా ముందే వేయండి. బండి నడిపి వచ్చాక చైన్ వెచ్చగా ఉంటుంది, అప్పుడు లోపలి వైపు వేస్తే చక్కగా పాకుతుంది. కడగడానికి కిరోసిన్ వాడొచ్చు. పెట్రోల్ వద్దు, రింగులు పాడవుతాయి.

అపోహ: అడ్జస్టబుల్ స్పానర్, కటింగ్ ప్లేయర్ ఉంటే సొంత పనికి చాలు.

ఈ రెండింటితో పాడైన బోల్టులకు లెక్కలేదు. అడ్జస్టబుల్ స్పానర్ దవడ కొద్దిగా ఆడుతుంది. బోల్టు మూలలు గుండ్రం కావడానికి ఆ కొద్దిపాటి ఆట చాలు. వాటి బదులు 8, 10, 12, 14 సైజుల టీ స్పానర్లు, వెనక ఇరుసుకు సరిపడే రింగ్ స్పానర్, అలెన్ కీ సెట్, ప్లగ్ స్పానర్, టైరు గాలి చూసే గేజ్ కొనండి. ఇంటి దగ్గర చేసుకునే పనుల్లో చాలా భాగం వీటితో అయిపోతాయి. రింగ్ పట్టే చోట ఓపెన్ స్పానర్ జోలికి పోవద్దు.

స్క్రూల విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జపాన్ డిజైన్ బళ్ల మీది ప్లస్ స్క్రూలు చాలావరకు జేఐఎస్ అనే జపాన్ ప్రమాణానివి, కొన్నిటి తల మీద చిన్న చుక్క కూడా కనిపిస్తుంది. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో అడుగుదాకా దిగదు. బలంగా తిప్పితే జారి తలను తినేస్తుంది. ఇంత బిగుసుకుపోయిందేంటని స్క్రూను తిట్టుకుంటాం, తేడా మాత్రం స్క్రూడ్రైవర్‌లో ఉంటుంది.

ఇక బిగించడం. ఆయిల్ డ్రెయిన్ బోల్టు స్టీలుది, అది కూర్చునే ఇంజన్ కేసు అల్యూమినియంది. పోటీ పడితే అల్యూమినియమే ఓడిపోతుంది. ఆయిల్ కారకుండా ఆపాల్సింది వాషర్, మీ కండబలం కాదు. ఆయిల్ మార్చినప్పుడల్లా వాషర్ కొత్తది వేయండి. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ దొరికితే మాన్యువల్‌లో రాసిన అంకెకు పెట్టి బిగించండి.

స్పార్క్ ప్లగ్ ఎక్కించేటప్పుడు స్పానర్ హ్యాండిల్ పక్కన పెట్టి, ఇంజన్ చల్లారాక వేళ్లతోనే మొదలుపెట్టండి. ముందు వెనక్కి, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పండి. ఒకచోట ప్లగ్ చిన్నగా టక్కుమని కిందికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. మర మొదలు అక్కడే ఉంటుంది. అక్కణ్నుంచి ముందుకు తిప్పితే చివరిదాకా వేళ్లతోనే దిగిపోవాలి. మధ్యలో బరువుగా అనిపిస్తే ఆపి, బయటికి తీసి, మళ్లీ మొదలుపెట్టండి.

అపోహ: నల్లబడితే ఆయిల్ పాడైనట్టే.

ఇంజన్‌లోని మసిని పట్టి ఉంచడం ఆయిల్ పని, అందుకే నల్లబడుతుంది. రంగు చూసి కాకుండా కిలోమీటర్లు, నెలలు చూసి మార్చండి. కారు ఆయిల్ మాత్రం పోయకండి. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించడానికి కొన్ని కారు ఆయిళ్లలో కలిపే మందుల వల్ల క్లచ్ జారుతుంది. డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ లేదా ఎంఏ2 అని (ఇలాంటి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే గుర్తు) ఉందో లేదో చూసి కొనండి.

అపోహ: వానలో గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుంది.

తగ్గుతుంది. గాలి చాలని టైరు నీళ్లను సరిగా పక్కకు నెట్టలేదు, మామూలు కంటే తక్కువ స్పీడులోనే నీళ్ల మీద తేలిపోతుంది. టైరు పక్కన అచ్చు వేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. మీ బండికి ఎంత ఉండాలో అది చెప్పదు. మాన్యువల్‌లోని అంకె చూసి, టైరు చల్లగా ఉన్నప్పుడే పెట్టుకోండి.

ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోల్ వల్ల మామూలు ఇంజన్‌కు మైలేజీ రాదు. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను, అంటే ఇంజన్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండి టకటకమనడాన్ని, తట్టుకునే శక్తి, అంతే. పొద్దున్నే పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచనక్కర్లేదు. అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా పోతే సరిపోతుంది.

అపోహ: ముందు బ్రేకు పట్టుకుంటే పడిపోతాం.

దీని వల్ల ప్రాణాలు పోతాయి కాబట్టి కాస్త ఓపికగా చదవండి. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. అందుకే బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం లాక్ అయి జారుతుంది, ఆగే దూరం బాగా పెరుగుతుంది. పడేసేది ముందు బ్రేకును ఒక్కసారిగా గుంజడం. ముందు తేలిగ్గా పట్టి, ఫోర్కు (ముందు సస్పెన్షన్) దిగి బరువు ముందుకు వచ్చాక నొక్కుడు పెంచండి. ఖాళీ స్థలంలో తక్కువ స్పీడు దగ్గర మొదలుపెట్టి, చేతికి అలవాటయ్యేదాకా చేయండి. ఇసుక మీద, బండి వంగి ఉన్నప్పుడు మాత్రం చాలా మెత్తగా వాడాలి.

అపోహ: ఎడమకు తిరగాలంటే హ్యాండిల్ ఎడమకు తిప్పాలి.

నడక వేగంలో నిజమే. స్పీడు పెరిగాక ఎడమ హ్యాండిల్‌ను కొద్దిగా ముందుకు తోస్తే బండి ఎడమకే వంగుతుంది. తెలియకుండానే అందరం చేస్తున్నదిదే. విమానం ఎగరేసిన రైట్ సోదరులు అంతకుముందు సైకిళ్లు తయారుచేసేవారు. సైకిల్ తొక్కేవాళ్లు ఇలాగే చేస్తారని, ఆ సంగతి వాళ్లే గమనించరని విల్బర్ రైట్ అప్పట్లోనే చెప్పారు. తెలిసి చేయడం మొదలుపెడితే మలుపుల్లో భయం పోయి ఆనందం మొదలవుతుంది. మలుపుకు ముందే స్పీడు తగ్గించి, గేరు మార్చుకుని, బయటికి పోయే దారి వైపు చూస్తూ అరచేత్తో మెల్లగా తోయండి. భుజాలు వదులుగా ఉంచండి, హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటే బండి చెప్పేదేదీ చేతికి అందదు.

ఈ ఆనందానికి పెద్ద ఇంజనే కావాలన్నది కూడా నేను ఒప్పుకోను. 100 సీసీ బండిలో స్పీడు వృథా చేసుకోకుండా మలుపు తీయడానికి కావాల్సిన నేర్పు పెద్ద బండిలో అంత తొందరగా అబ్బదు. పెద్ద బండి కొనాలని మనసు లాగుతుంటే, ముందు ఉన్న బండికే టైర్లలో గాలి, చైన్, క్లచ్ కేబుల్, బ్రేకులు సరిచేసి, మీరు రోజూ వెళ్లే రోడ్డు మీదే ఒకసారి నడిపి చూడండి.