పెట్రోల్ లీటర్లు, ఉష్ణోగ్రత, పీడనం: అపోహలు - వాస్తవాలు

నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు బంకుల నిల్వ లెక్కలు చూస్తుంటాను. వేసవి మొదలవగానే నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం, లారీ నుంచి దించుకున్న లీటర్లు రిజిస్టరులో తేలడం లేదన్నవే. ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారో చెప్పకుండా లీటర్ల సంఖ్య ఒక్కటే చెబితే ఆ లెక్క పూర్తి కాదు. అందుకే మన దేశంలో పెట్రోలియం నిల్వల లెక్కలకు 15 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా పెట్టుకున్నారు.

అపోహ: స్టాకు తగ్గిందంటే దారిలో డ్రైవరే తీసి ఉంటాడు.

వాస్తవం: ఒక డిగ్రీ చల్లబడితే పెట్రోల్ ఘనపరిమాణం సుమారు 0.12 శాతం, డీజిల్ సుమారు 0.085 శాతం తగ్గుతాయి. చర్లపల్లి డిపోలో 40 డిగ్రీల దగ్గర నింపిన 12,000 లీటర్ల పెట్రోల్‌ను దేవరకొండలోని ఒక బంకులో దించారని, అది 31 డిగ్రీలకు దిగిందని అనుకుందాం. తొమ్మిది డిగ్రీల తేడాకు దాదాపు 130 లీటర్లు తగ్గుతాయి, కానీ బరువులో ఒక్క గ్రాము కూడా పోదు. ఈ తగ్గుదల దించిన వెంటనే పూర్తిగా కనిపించదు. వేడి సరుకు పాత నిల్వతో కలిసి, ఆ వేడి ట్యాంకు చుట్టూ ఉన్న మట్టిలోకి పోయే కొద్దీ డిప్ (కొలకర్రతో చూసే ద్రవం మట్టం) దిగుతుంది కాబట్టి, మరుసటి రోజుల లెక్కలో లోటు తేలి అనుమానం డ్రైవరు మీదికి పోతుంది. సీళ్లు సరిగా ఉండి, దించకముందు లారీలోనే తీసిన డిప్ సరిపోయినప్పుడు, రెండు వైపుల లీటర్లనూ 15 డిగ్రీలకు మార్చి చూడకుండా అతని జీతంలో కోత పెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. మార్చిన తరువాత కూడా లోటు మిగిలితే అప్పుడు తప్పకుండా విచారించాలి. చలికాలం తెల్లవారుజామున నింపిన సరుకు భూగర్భ ట్యాంకులో వేడెక్కి లీటర్లు పెరిగినట్లు కనిపించినా, ఆ లాభమూ నిజమైనది కాదు.

అపోహ: హైడ్రోమీటరులో (డెన్సిటీ, అంటే సాంద్రత, కొలిచే సాధనం) చలానా కన్నా తక్కువ డెన్సిటీ కనిపిస్తే అది కల్తీ సరుకు.

వాస్తవం: సరుకుతో పాటు వచ్చే చలానాలో ఉండేది 15 డిగ్రీల దగ్గరి డెన్సిటీ, ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని. అక్కడ 745 ఉన్న పెట్రోల్, 35 డిగ్రీల దగ్గర 727 ప్రాంతంలో చూపించడం సహజం. చూసిన అంకెను పట్టికతో 15 డిగ్రీలకు మార్చాకే చలానాతో పోల్చాలి, అప్పుడు తేడా మూడు యూనిట్లు దాటితేనే ఆ సరుకును అనుమానించాలి. అయితే పరీక్ష సరిగా చేయకపోతే పట్టిక ఏమీ చేయలేదు. జాడీని ఎండలో, గాలిలో కాకుండా నీడలో సమంగా ఉన్న చోట పెట్టాలి. థర్మామీటరును ద్రవంలోనే ఉంచి, పాదరసం కదలడం ఆగాక, బయటికి తీయకుండానే చదవాలి. హైడ్రోమీటరును కంటిని ద్రవం మట్టానికి తెచ్చి చదవాలి. గోడకు వేలాడే థర్మామీటరు అంకె వేసుకుని లెక్క కట్టడం నేను చాలాచోట్ల చూశాను. అది గాలి ఉష్ణోగ్రత, సరుకుది కాదు.

అపోహ: తెల్లవారుజామున పోయించుకుంటే పెట్రోల్ ఎక్కువ వస్తుంది.

వాస్తవం: భూగర్భ ట్యాంకులోని ఉష్ణోగ్రత పగలూ రాత్రీ పెద్దగా మారదు. ఒక డిగ్రీ తేడా వచ్చినా 10 లీటర్లకు 12 మిల్లీలీటర్లే. కొలత మీద అనుమానం ఉన్నవారు తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల పాత్రతో కొలిచి చూపమని బంకులో అడగవచ్చు.

అపోహ: ద్రవాలు నొక్కుకుపోవు కాబట్టి పీడనం సవరణ దండగ.

వాస్తవం: బంకు ట్యాంకుకు, లారీకి ఆ మాట దాదాపు సరిపోతుంది. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వైపు వచ్చే పైపులైన్ లాంటి చోట సరిపోదు. 50 బార్ల (వాతావరణ పీడనానికి దాదాపు 50 రెట్లు) పీడనం దగ్గర డీజిల్ సుమారు 0.4 శాతం కుంచించుకుపోతుంది, అంటే పది లక్షల లీటర్లకు 4,000 లీటర్లు. అందువల్ల పైపులైన్ మీటర్ల దగ్గర ఉష్ణోగ్రత సవరణకు గుణించే అంకెతో (గుణకం) పాటు పీడన గుణకాన్ని కూడా వేస్తారు. ఎల్పీజీకి ఈ రెండు సవరణలూ మరింత పెద్దవి. ఇంటికి వచ్చే సిలిండరును మాత్రం 14.2 కిలోల తూకంతో అమ్ముతారు కాబట్టి, అక్కడ వీటి అవసరమే రాదు.