కోడ్ స్మెల్స్, రిఫ్యాక్టరింగ్: జీఎస్‌టీ బిల్లింగ్ కోడ్ సాక్షిగా కొన్ని అపోహలు - వాస్తవాలు

2025 సెప్టెంబర్ 3న జీఎస్‌టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది. అవి 22 నుంచే అమలు. 12, 28 శాతం శ్లాబుల్లోని వస్తువులు చాలావరకు 5కో 18కో మారాయి. నేను చూసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ జావాలో ఉంది. ఆ 12 ఎక్కడెక్కడుందో వెతికితే పదకొండు ఫైళ్లలో దొరికింది. ఆ మూడు వారాల టెన్షన్‌లో మా టీమ్‌లో వినిపించిన మాటలే కింది అపోహలు.

అపోహ: కోడ్ స్మెల్ అంటే బగ్.

వాస్తవం: స్మెల్ అంటే, కోడ్ పనిచేస్తున్నా దాని అమరికలో ఏదో తేడా ఉందని అనిపించే గుర్తు. ఆ పదకొండు ఫైళ్లూ అప్పటిదాకా ప్రతి బిల్లూ సరిగ్గానే వేశాయి. కానీ ఒక్క కారణానికి పది చోట్ల చెయ్యి పెట్టాల్సి రావడం ఒక స్మెల్, దాన్ని షాట్‌గన్ సర్జరీ అంటారు. స్మెల్ అనే మాట ప్రోగ్రామర్ కెంట్ బెక్‌ది. 1999లో మార్టిన్ ఫౌలర్ రాసిన 'రిఫ్యాక్టరింగ్' పుస్తకంతో అందరికీ చేరింది. మాడు వాసన వస్తే మూత తీసి చూస్తాం కదా, ఇదీ అంతే. చూశాక ఏమీ లేకపోతే మళ్లీ మూత పెట్టేయొచ్చు.

అపోహ: టూల్ ఏమీ చూపించకపోతే కోడ్ శుభ్రంగా ఉన్నట్టే.

వాస్తవం: సోనార్‌క్యూబ్ లాంటి, కోడ్‌ను తనిఖీ చేసే టూల్స్ పొడవైన మెథడ్‌లను, కాపీ చేసిన బ్లాకులను బాగానే పడతాయి. మా 12 మాత్రం ఒకచోట 0.12గా, ఇంకోచోట కేంద్రం, రాష్ట్రం వాటాలు 6, 6గా, రిపోర్టులో స్ట్రింగ్‌గా ఉంది. ఏ టూల్‌కీ అది కాపీలా కనిపించలేదు. ఏ ఫైలు ఎప్పుడు మారిందో చెప్పే గిట్ లాగ్ చూస్తే తెలిసింది: రేటు మారిన ప్రతిసారీ ఈ ఫైళ్లన్నీ కలిసే మారాయి. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

అపోహ: ఒకేలా ఉన్నవన్నీ ఒకచోట కలిపేయాలి.

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం వేసేది దీనితోనే. కోడ్‌లో 18 చాలాచోట్ల ఉంది. అన్నిటికీ కలిపి ఒకే కాన్‌స్టంట్ (పేరు పెట్టిన స్థిర విలువ) పెట్టేద్దామని ఒక తమ్ముడు ఉత్సాహంగా మొదలుపెట్టాడు. కానీ వాటిలో ఒక 18 వస్తువు మీద పన్ను. ఇంకొకటి, పన్ను ఆలస్యంగా కడితే పడే వడ్డీ, ఏడాదికి 18 శాతం. అంకె ఒకటే అయినా మారే కారణాలు వేరు. కలిపేసి ఉంటే, రేపు వస్తువు రేటు మార్చినప్పుడు వడ్డీ లెక్క కూడా చడీచప్పుడు లేకుండా మారిపోయేది. అందుకే కలిపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇవి రెండూ ఒకే కారణానికి మారతాయా?

అపోహ: కొత్త ఫీచర్ రాస్తూ పనిలో పనిగా రిఫ్యాక్టరింగ్ కూడా చేసేయొచ్చు.

వాస్తవం: రిఫ్యాక్టరింగ్‌లో కోడ్ ఆకారం మారుతుంది, ఫలితం మారకూడదు. రిఫ్యాక్టరింగ్, కొత్త ఫీచర్ రెండూ ఒకే కమిట్‌లో (ఒకేసారి భద్రపరిచే మార్పుల్లో) కలిస్తే, లెక్క తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తేల్చలేం. మేం ముందు పాత బిల్లులు కొన్ని తీసుకుని, వచ్చిన అంకెలను వచ్చినట్టే టెస్టులుగా రాశాం. తర్వాత ఇన్‌వాయిస్ క్లాస్ వైపు వెళ్లాం. అది ఐటమ్ క్లాస్ ఫీల్డులన్నీ అడిగి తెచ్చుకుని పన్ను తానే లెక్కేసేది. ఇది ఫీచర్ ఎన్వీ. ఆ లెక్కను విడి మెథడ్‌గా తీసి, ఐటమ్‌లోకి జరిపాం.

అక్కడే ఒక టెస్ట్ ఫెయిలైంది. 100.30 రూపాయల వస్తువుకు సీజీఎస్‌టీ 9 శాతం విడిగా రౌండ్ చేస్తే 9.03, ఎస్‌జీఎస్‌టీ 9.03, మొత్తం 18.06. నేను 18 శాతాన్ని ఒకేసారి లెక్కేశాను, 18.05 వచ్చింది. ఒక్క పైసా. టెస్ట్ లేకపోతే ఆ పైసా నెలాఖరు రిపోర్టులో బయటపడేది, ఎక్కడిదో వెతకడానికి రోజులు పట్టేది.

కొత్త రేట్లు ఆ తర్వాతి కమిట్‌లో వచ్చాయి. పాత బిల్లు మీది సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోట్ పాత రేటుకే వేయాలి. అందుకని రేటు అడిగేటప్పుడు అమ్మిన తేదీ కూడా ఇవ్వాలి. రేటు అప్పటికే ఒకచోటికి చేరింది కాబట్టి ఈ మార్పుకు ఒక పూట చాలింది.

అపోహ: స్విచ్ (విలువను బట్టి వేరే దారి పట్టే కోడ్) కనిపిస్తే ఒక్కో విలువకు ఒక్కో సబ్‌క్లాస్ చేయాలి.

వాస్తవం: అదే స్విచ్ నాలుగు చోట్ల ఉంటే ఆలోచించండి. 5కో క్లాస్, 18కో క్లాస్, 40కో క్లాస్ మాత్రం వద్దు. రేటు డేటా, టేబుల్‌లో ఉంటే సరిపోతుంది.

అపోహ: కనిపించిన ప్రతి స్మెల్‌నూ తీసేయాలి.

వాస్తవం: మా బార్‌కోడ్ లేబుల్ ప్రింట్ చేసే మెథడ్ ఇప్పటికీ మూడు వందల లైన్లు. మూడేళ్లుగా దాన్ని మార్చే అవసరం ఎవరికీ రాలేదు. లేబుల్ మీద క్యూఆర్ కోడ్ కావాలని అడిగిన రోజు ముందు దానికి టెస్టులు రాస్తాను, తర్వాత విడదీస్తాను.