బియ్యం గేటు మూసినప్పుడల్లా: 2007 నుంచి 2025 దాకా

ప్రపంచ మార్కెట్‌కు వచ్చే ప్రతి పది బస్తాల బియ్యంలో నాలుగు మన దేశానివే. 2022లో సుమారు 2.2 కోట్ల టన్నులు పంపాం. అందుకే ఎగుమతుల నియమాలు చూసే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ ఇస్తే ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలోనూ సెనెగల్ రాజధాని డాకర్‌లోనూ ధర కదులుతుంది.

మొదటి పెద్ద దెబ్బ 2007 అక్టోబరులో పడింది. గోధుమల కొరత వల్ల రేషన్ భారం బియ్యం మీదికి వస్తుందన్న భయంతో బాస్మతియేతర బియ్యం ఎగుమతి ఆపారు. నెల తిరగకుండానే నిషేధం తీసి, టన్నుకు 425 డాలర్ల కనీస ఎగుమతి ధర, అంటే అంతకన్నా తక్కువకు బయటికి అమ్మకూడదన్న హద్దు పెట్టారు. దాన్ని పెంచుకుంటూ పోయి 2008 మార్చిలో 1,000 డాలర్లకు చేర్చారు, ఏప్రిల్‌లో మళ్లీ నిషేధించారు. వియత్నాం కూడా ఎగుమతులు బిగించింది. ఫిలిప్పీన్స్ కంగారుగా పెద్ద టెండర్లు పిలిచింది. థాయ్ బియ్యం టన్ను 1,000 డాలర్లు దాటింది. ఆ ఏడాది ప్రపంచంలో వరి పంటేమీ తగ్గలేదు. అసలు కొరత కంటే భయమే ధరను అంత ఎత్తుకు తీసుకెళ్లింది. జపాన్ తన గోదాముల్లోని దిగుమతి బియ్యం అమ్మవచ్చన్న వార్తకే ధర దిగడం మొదలైంది. మన నిషేధం మాత్రం 2011 సెప్టెంబరు దాకా నడిచింది. అది తీసేశాక, 2012 నాటికి థాయ్‌లాండ్‌ను దాటి మనమే మొదటి స్థానానికి వచ్చాం.

రెండో విడత 2022 సెప్టెంబరులో మొదలైంది. ముందు నూకలు ఆపారు, పచ్చి బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. నూకలు ఇక్కడ కోళ్ల దాణాకు, ఇథనాల్‌కు పోతాయి. సెనెగల్‌లో అదే ఇంటి భోజనం. 2023 జులై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతే నిషేధించారు. చిల్లర ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగిందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కేంద్రం దగ్గర నిల్వలు మాత్రం జులైలో తప్పక ఉండాల్సిన కనీస నిల్వ (బఫర్ నియమం) అయిన 135.4 లక్షల టన్నులకు చాలా పైనే ఉన్నాయి. అమెరికాలో తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరింది అప్పుడే. ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) బియ్యం ధరల సూచీ 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది.

నిషేధం కన్నా అది అమలైన తీరే ఎక్కువ నష్టం చేసిందని చెప్పాలి. కాకినాడ యాంకరేజి పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు. బస్తాలను బార్జీల్లో సముద్రంలోకి తీసుకెళ్లి ఎక్కించాలి, దానికి రోజులు పడుతుంది. నోటిఫికేషన్‌కు ముందే లోడింగ్ మొదలైతేనో, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) దాఖలై ఓడ లంగరేసి రొటేషన్ నంబరు (ఆ ఓడ రాకకు ఇచ్చే నమోదు సంఖ్య) వచ్చి ఉంటేనో, సరుకు కస్టమ్స్‌కు అప్పగించి ఉంటేనో ఆగస్టు 31 దాకా వదిలారు. ధర కుదిరి, ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) తెరిచి, సరుకు ఇంకా మిల్లులోనే ఉన్నవాళ్లకు ఆ మినహాయింపుల్లో చోటు లేదు. ముందు గడువు చెప్పి సుంకం మెల్లగా పెంచి ఉంటే కొనేవాడు వేరే దారి చూసుకునేవాడు, అమ్మేవాడు మాట తప్పినవాడయ్యేవాడు కాదు. ఆ తర్వాత నేషనల్ కోఆపరేటివ్ ఎక్స్‌పోర్ట్స్ అనే సహకార ఎగుమతి సంస్థ ద్వారా ఫిలిప్పీన్స్‌కు 2,95,000 టన్నులు, సింగపూర్‌కు 50,000 టన్నులు అంటూ దేశాలవారీగా కోటాలిచ్చారు.

అప్పటికి ఉప్పుడు బియ్యానికి నిషేధం లేదు. దాంతో కొనుగోలుదారులు అటు మళ్లారు, ఆగస్టు 25న దానిపైనా 20 శాతం సుంకం పడింది. తెలంగాణకు ఇది ప్రాణం లాంటి విషయం. యాసంగి (రబీ) వడ్లు ఎండలకు పగుళ్లిచ్చి, పచ్చిగా ఆడిస్తే నూకవుతాయి. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడితేనే గింజ నిలుస్తుంది. ఆ ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్రం అంటే 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో దీక్షకు కూర్చున్నారు. సేకరణ లేనప్పుడు దానికి మిగిలే దారి పడమటి ఆఫ్రికా మార్కెట్. ఆ దారి మీదే సుంకం పడింది.

2024 సెప్టెంబరు చివర్లో తెల్ల బియ్యంపై నిషేధం ఎత్తేసి టన్నుకు 490 డాలర్ల కనీస ఎగుమతి ధర పెట్టారు, అక్టోబరులో అదీ తీసేశారు. నూకలకు 2025 మార్చిలో అనుమతి వచ్చింది. 2023 జులైలో ఇథనాల్ డిస్టిలరీలకు బియ్యం అమ్మకం ఆపేసిన భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ), 2025లో వాటికే క్వింటాలు 2,250 రూపాయలకు ఇచ్చింది. అప్పటికి అంతర్జాతీయ ధర ఎంత పడిపోయిందంటే, దిగుమతుల మీదే ఆధారపడే ఫిలిప్పీన్స్ సైతం తన రైతుల కోసం 2025 సెప్టెంబరు 1 నుంచి బియ్యం దిగుమతులు ఆపుకుంది.