అపోహలు - వాస్తవాలు: కాలేజీకి కంప్లైంట్ పెడితే కోర్టులో కేసు వేసినట్టు కాదు

ఈ మధ్య ఒక రాత్రి పదకొండు దాటాక ఖమ్మం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్లమ్మాయి ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్‌లోనే ఉంటుంది. "అమ్మా, పాప పీఆర్ ఫైలు రిజెక్ట్ అయింది. కన్సల్టెంట్ ముంచేశాడు. కాలేజీకి కంప్లైంట్ పెట్టేశాం. ఇక వాళ్లే చూసుకుంటారు కదా?" పీఆర్ అంటే శాశ్వత నివాసం. కాలేజీ అంటే చదువు చెప్పేది కాదు, కెనడాలో ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకు లైసెన్స్ ఇచ్చి, వాళ్ల మీద ఫిర్యాదులు చూసే సంస్థ.

"రిజెక్షన్ లెటర్ ఎప్పుడొచ్చిందండీ?" అని అడిగాను. ఆయన చెప్పిన తేదీ నుంచి లెక్కేస్తే 41 రోజులు. ఏం చెప్పాలో ఒక్క క్షణం తోచలేదు.

నేనూ ఆర్‌సీఐసీనే (లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌నే), అదే కాలేజీ లైసెన్స్ మీద పనిచేస్తున్నాను. మావాళ్లను వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. తప్పు చేసినవాడి మీద తప్పకుండా ఫిర్యాదు చేయండి. కానీ ఆ ఫిర్యాదు ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో తెలియక జనం నష్టపోతున్నారు.

అపోహ: ఫిర్యాదు నెగ్గితే రిజెక్షన్ రద్దవుతుంది.

అవదు. పాత నియంత్రణ సంస్థ ఐసీసీఆర్‌సీ స్థానంలో 2021 నవంబర్ 23న మొదలైన ఈ కాలేజీ, లైసెన్స్ ఉన్నవాళ్ల నడవడిని మాత్రమే చూస్తుంది. ఫిర్యాదు వస్తే పరిశీలిస్తుంది, అవసరమైతే విచారణ చేస్తుంది. విషయం పెద్దదైతే డిసిప్లిన్ కమిటీకి పంపుతుంది. ఆ కమిటీ జరిమానా వేయొచ్చు, లైసెన్స్ కొంతకాలం ఆపొచ్చు, పూర్తిగా తీసేయొచ్చు. దీనికంతా నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఇంత జరిగినా మీ ఫైలు మీద ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) ఆఫీసర్ రాసిన మాటను కాలేజీ మార్చలేదు.

దాన్ని తిరగతోడమని అడగాల్సింది ఫెడరల్ కోర్టును. కెనడా లోపలి వ్యవహారమైతే నిర్ణయం మీకు తెలిసిన రోజు నుంచి 15 రోజుల్లో అర్జీ వేయాలి, బయటిదైతే 60 రోజుల్లో. కాలేజీకి ఫిర్యాదు పెట్టినంత మాత్రాన ఈ గడువు ఆగదు. అక్కడ మాలాంటి కన్సల్టెంట్లు వాదించడానికి లేదు, మీ తరఫున ఒకరు వాదించాలంటే లాయర్ కావాలి. కాబట్టి ఇందులో నాకొచ్చే ఫీజూ లేదు. పాత కన్సల్టెంట్ చేతకానితనం వల్లే నష్టపోయామని చెప్పదలిస్తే, ముందు అతనికి రాతపూర్వకంగా తెలియజేసి, జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి. ఆ పనికీ రోజులు పడతాయి. అందుకే మొదటి ఫోన్ లాయర్‌కి. కాలేజీ ఫిర్యాదు వచ్చే వారం పెట్టినా కొంప మునగదు.

ఆ అమ్మాయి విషయంలో జరిగింది ఇదీ. ఆమె పనిచేయని కంపెనీ పేరుతో కన్సల్టెంట్ ఒక ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టాడు. ఆఫీసర్‌కి అనుమానం వచ్చి, సంజాయిషీ అడుగుతూ ఫెయిర్‌నెస్ లెటర్ పంపాడు. అది ఆమె ప్రతినిధిగా ఉన్న ఆ కన్సల్టెంట్ అకౌంట్‌కే వెళ్లింది. అతను జవాబివ్వలేదు, ఆమెకు చెప్పనూ లేదు. చివరికి మిస్‌రిప్రజెంటేషన్ (తప్పుడు సమాచారం ఇవ్వడం) అని తేల్చి అయిదేళ్ల నిషేధం పెట్టారు. "లెటర్ పెట్టింది వాడు, శిక్ష నాకా?" అని ఏడ్చింది. అవును, ఆమెకే. కెనడా ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 40 దరఖాస్తుదారునే పట్టుకుంటుంది. ప్రతినిధిని ఎంచుకున్నది మీరే కదా అని కోర్టులు కూడా చాలాసార్లు అంటాయి. గడువు దాటినందుకు మన్నించమని అడుగుతూ లాయర్ అర్జీ వేశారు. మన్నిస్తారన్న గ్యారంటీ లేదు.

అపోహ: ఫిర్యాదు చేస్తే ఐఆర్‌సీసీ కక్ష కడుతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో పుట్టిన మాట ఇది. కాలేజీ వేరు, ఐఆర్‌సీసీ వేరు. ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు.

అపోహ: డబ్బిచ్చి ఎల్‌ఎంఐఏ (విదేశీయుల్ని పనిలో పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే అనుమతి పత్రం) కొన్నాం, ఫిర్యాదు చేస్తే మేమే ఇరుక్కుంటాం.

ఈ భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. మీరు రాసే ప్రతి వాక్యం రేపు మీకే అడ్డం తిరగొచ్చు. ముందు లాయర్‌తో కూర్చుని, ఆ తర్వాతే రాయండి.

అపోహ: ఆఫీసు గోడకు లైసెన్స్ ఉంది, కాబట్టి వాళ్లంతా లైసెన్స్ ఉన్నవాళ్లే.

లైసెన్స్ మనిషికిస్తారు, ఆఫీసుకి కాదు. ఫ్రేములో ఉన్న ఆర్ నంబర్ (లైసెన్స్ నంబర్) టొరంటోలో ఎవరిదో అయి ఉంటుంది. అమీర్‌పేటలోనో విజయవాడలోనో మీ ఫైలు నింపి, సలహా చెప్పి, డబ్బు తీసుకున్నది ఇంకొకరు. అదే చట్టం సెక్షన్ 91 ప్రకారం లైసెన్స్ లేనివాడు డబ్బు తీసుకుని ఈ పని చేయడమే నేరం. అలాంటివాడిని కాలేజీ డిసిప్లిన్ కమిటీ ముందు నిలబెట్టలేరు, అతని సంగతి సీబీఎస్ఏకి (కెనడా సరిహద్దు సేవల సంస్థకి) చెప్పాలి. తన పేరు వాడుకోనిచ్చిన లైసెన్స్‌దారు మీద మాత్రం కాలేజీకి రాయొచ్చు. కాలేజీ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచే ఉంటుంది. పేరు కొడితే లైసెన్స్ నడుస్తోందో ఆగిందో తెలుస్తుంది. ఇండియాలో అయిదారు లక్షలు చేతిలో పెట్టేముందు ఆ రెండు నిమిషాలు ఎవరూ ఖర్చుపెట్టరు, అదే నా కోపం.

డబ్బు వాపసు గురించి అందరూ అడుగుతారు. కాలేజీ ఉన్నది బాకీలు వసూలు చేసిపెట్టడానికి కాదు. ఆశంతా దాని మీదే పెట్టుకోకుండా చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు దారి కూడా కనుక్కోండి.

ఎక్కడికెళ్లినా అడిగేది కాగితాలే: సంతకం చేసిన అగ్రిమెంట్, రసీదులు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు, మెయిళ్లు, చాట్లు. పోయినేడాది ఒకబ్బాయి వచ్చాడు, మాటలన్నీ వాట్సాప్‌లోనే నడిచాయట. ఫోన్ తీసి చూపించమన్నాను. కన్సల్టెంట్ మొదటిరోజే డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్ చేసిపెట్టాడు. ఆ చాట్‌లో మిగిలింది వారం కిందట ఆ అబ్బాయి పంపిన "హలో సర్" ఒక్కటే.