వీఎఫ్‌ఓ జారుడు: అపోహలు - వాస్తవాలు

వీఎఫ్‌ఓ అంటే హామ్ రేడియో సెట్టు(రిగ్గు)లో ఫ్రీక్వెన్సీని మార్చుకునే ఆసిలేటర్. పెట్టిన ఫ్రీక్వెన్సీ నుంచి అది మెల్లగా తప్పుకోవడమే జారుడు, అంటే డ్రిఫ్ట్.

అపోహ: రిగ్గు అరగంట వేడెక్కితే డ్రిఫ్ట్ దానంతటదే సర్దుకుంటుంది.

సర్దుకునేది రిగ్గు సొంత వేడి వల్ల వచ్చే జారుడు ఒక్కటే. మే నెల మధ్యాహ్నం భీమవరంలో కరెంటు పోయి ఫ్యాను ఆగిందంటే గది వేడి మారుతుంది, దాని వెంటే వీఎఫ్‌ఓ కూడా. వీఎఫ్‌ఓ కాయిల్ చుట్టే పసుపు రంగు టీ50-6 టొరాయిడ్ (ఇనుపపొడి వలయం) ఇండక్టెన్స్ డిగ్రీకి సుమారు 35 పీపీఎం (పదిలక్షల్లో 35 వంతులు) పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ అందులో సగం తగ్గుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది డిగ్రీకి 120 హెర్ట్జ్. నాలుగైదు డిగ్రీలు మారితే చాలు, మాటలు పంపే పద్ధతి అయిన ఎస్‌ఎస్‌బీలో అవతలివారి గొంతు గుర్తుపట్టలేం.

అపోహ: అన్నీ ఎన్‌పీ0 కెపాసిటర్లే వేస్తే సరిపోతుంది.

ఎన్‌పీ0 అంటే వేడికి విలువ మారని రకం. అది తాను కదలదు, అంతే. కాయిల్ కదలికను అది ఆపలేదు. దానికి ఎదురు నడిచేది పాలీస్టైరిన్ కెపాసిటర్, డిగ్రీకి సుమారు మైనస్ 150 పీపీఎం. 35ని 150తో భాగిస్తే పావుకు కాస్త తక్కువ. ట్యాంకులో (కాయిల్, కెపాసిటర్ల జంటలో) మొత్తం 400 పికోఫారడ్లు కావాలంటే 90 పాలీస్టైరిన్, 310 ఎన్‌పీ0, పారలల్‌గా వేయండి. ఇది తొలి అంచనా మాత్రమే. డబ్బా మూసి, పది డిగ్రీలు వేడి చేసి, పావుగంట ఆగి ఫ్రీక్వెన్సీ కౌంటర్ చూడండి. ఫ్రీక్వెన్సీ ఇంకా దిగుతుంటే పాలీస్టైరిన్ పెంచాలి, పైకి పోతుంటే తగ్గించాలి. మొత్తం మాత్రం 400 గానే ఉండాలి. సోల్డర్ చేసేటప్పుడు కెపాసిటర్ కాలును నోస్ ప్లయర్‌తో పట్టుకోండి. పాలీస్టైరిన్ వేడికి మెత్తబడితే దాని విలువే మారిపోతుంది. ఓపిక పట్టాల్సిన పని ఇది, కానీ ఫలితం అంతకు అంత ఉంటుంది.

అపోహ: చెమ్మకు సిలికా జెల్ పొట్లం చాలు.

గాలి చొరబడే డబ్బాలో, అదీ చెరువుగట్టు పక్క ఇంట్లో, ఆ పొట్లం ఎన్నాళ్లో నిలవదు. కాయిల్ బిగుతుగా చుట్టి, ఐదు నిమిషాలు నీళ్లలో మరిగించండి; తీగలోని బిగువు సడలుతుంది. పూర్తిగా ఆరాక పల్చగా మైనం పూయండి. మైనం పూస్తే ఫ్రీక్వెన్సీ కొంచెం దిగుతుంది కాబట్టి ట్యూనింగ్ ఆ తర్వాతే. అట్ట, బేకలైట్ గొట్టాలు చెమ్మ పీలుస్తాయి, వాటిమీద చుట్టొద్దు.

అపోహ: ఫ్రీక్వెన్సీ మారిందంటే వేడే కారణం.

మెల్లగా జారడం వేరు, ఒక్కసారిగా ఎగరడం వేరు. ఎగిరితే అది కాంటాక్టు లోపం. అంతర్వేది వైపు ఉప్పుగాలికి ట్రిమ్మర్ (తిప్పి సర్దే చిన్న కెపాసిటర్) రోటరు నల్లబడుతుంది. చెక్క పెన్సిలుతో ఒక్కో భాగాన్నీ తట్టండి. ఎక్కడ తడితే స్వరం గెంతుతుందో లోపం అక్కడే.

అపోహ: ఎస్‌ఐ5351 పెడితే ఇక జారదు.

ఇది ఫ్రీక్వెన్సీలు పుట్టించే చిప్. దాని పక్కనున్న 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఎంత కదిలితే అవుట్‌పుట్ అదే నిష్పత్తిలో కదులుతుంది. డబ్ల్యూఎస్‌పీఆర్ అనే బలహీన సంకేతాల డిజిటల్ పద్ధతిలో ఒక ప్రసారం 110.6 సెకన్లు, స్వరాల మధ్య ఎడం 1.46 హెర్ట్జే. 14 మెగాహెర్ట్జ్ వద్ద ఒక్క పీపీఎం అంటే 14 హెర్ట్జ్! పైనున్న ఫ్యాను గాలి క్రిస్టల్‌కు నేరుగా తగలకుండా చిన్న మూత పెట్టండి, పవర్ ఆంప్లిఫయర్‌ను దూరంగా జరపండి. ఇంకా కావాలంటే క్రిస్టల్ తీసేసి, వేడి మార్పును తానే సరిదిద్దుకునే 25 మెగాహెర్ట్జ్ టీసీఎక్స్‌ఓ వేయండి. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా చిప్ ఎక్స్‌ఏ కాలుకు ఇవ్వాలి, సిగ్నల్ 1 వోల్ట్ పీక్-టు-పీక్ మించకూడదు, ఎక్స్‌బీ ఖాళీగా వదిలేయాలి.