డాంగిల్ నుంచి సర్వర్ దాకా: మ్యూజిక్ ప్లగిన్ల తాళాల వెనక కథ

2025 మే నెలలో జర్మనీలోని హాంబర్గ్‌కు చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ తన పాత లైసెన్స్ వ్యవస్థ ఈలైసెన్సర్‌ను మూసేసింది. పాటలు రికార్డు చేసేవాళ్లు, మిక్సింగ్ చేసేవాళ్లు తప్ప ఈ సంగతి పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ కంపెనీ రికార్డింగ్ ప్రోగ్రాం క్యూబేస్ పాత వెర్షన్లు కొన్నవాళ్ల దగ్గర పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ డాంగిల్ ఒకటి ఉంటుంది. అందులో ఇప్పటికే ఉన్న లైసెన్సు పనిచేస్తుంది. కానీ ఆ డాంగిల్ పోయినా, విరిగినా, ఇక కొత్తదాంట్లోకి లైసెన్సు ఎక్కించుకునే దారి లేదు. అదే వెర్షన్‌ను క్రాక్ చేసి, అంటే తాళం పగలగొట్టి వాడుకున్నవాడికి మాత్రం సర్వర్ ఉన్నా ఊడినా ఒకటే.

కొన్నవాడికి కష్టం, కొననివాడికి సుఖం అన్న ఈ తలకిందుల పరిస్థితి రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

కార్ల్ స్టైన్‌బర్గ్, మాన్‌ఫ్రెడ్ ర్యూరప్ అనే ఇద్దరు 1984లో ఈ కంపెనీ పెట్టారు. వాళ్ల మొదటి సరుకు కమొడోర్ 64 కోసం రాసిన ఒక చిన్న రికార్డింగ్ ప్రోగ్రాం. 1989లో అటారీ ఎస్‌టీ కంప్యూటర్ మీద క్యూబేస్ వచ్చింది. కీబోర్డులు నేరుగా తగిలించుకునే మిడి పోర్టులు అటారీలోనే ఉండటంతో యూరప్‌లో సంగీతకారులంతా ఆ కంప్యూటర్ వెంట పడ్డారు. ప్రోగ్రాం మాత్రం ఫ్లాపీలో వచ్చేది. ఫ్లాపీని కాపీ చేయడానికి నిమిషాలు చాలు. అందుకని అటారీ పక్కనుండే కార్ట్రిడ్జ్ పోర్టులో ఒక డబ్బీ గుచ్చితేనే క్యూబేస్ తెరుచుకునేలా ఏర్పాటు చేశారు. పోటీ కంపెనీ సీ-ల్యాబ్ తన సంగీత ప్రోగ్రాం నోటేటర్‌కూ అదే పద్ధతి పెట్టింది. కంప్యూటర్‌కు ఉన్నది ఒకే పోర్టు. రెండు ప్రోగ్రాంలూ డబ్బు పెట్టి కొన్నవాడు ఒక డబ్బీ పీకి ఇంకోటి గుచ్చుకుంటూ కూర్చోవాలి. తాళం బరువు కొన్నవాడి మీద పడటం అక్కడే మొదలైంది.

1996లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీని తెచ్చింది. రివర్బ్, కంప్రెసర్ లాంటి ఎఫెక్టులను చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కలుగా క్యూబేస్‌లోకి తగిలించుకునే పద్ధతి ఇది. దాని వివరాలను బయటి ప్రోగ్రామర్లకు కూడా తెరిచి పెట్టడం అసలు మలుపు. 1999లో రెండో వెర్షన్ వచ్చాక వాయిద్యాలు కూడా ప్లగిన్లయ్యాయి. అంతకుముందు స్టూడియోలో ర్యాకుల నిండా పేర్చుకునే ఇనుప పెట్టెలన్నీ కంప్యూటర్లోకి ఫైళ్లుగా దూరాయి. ఇనుప పెట్టెను దొంగిలించాలంటే మోసుకుపోవాలి. ఫైలుకు ఆ బాధ లేదు.

రేడియం, ఆక్సిజన్, హెచ్‌టూఓ, ఎయిర్, ఆర్‌టూఆర్ లాంటి మారుపేర్ల గుంపులు ఈ కాలం నుంచే ఒకదాని తర్వాత ఒకటి పుట్టుకొచ్చాయి. ఎవరు ముందు తాళం పగలగొడతారన్న పోటీయే వాటిని నడిపించింది. దొంగ సీరియల్ నంబర్లు పుట్టించే కీజెన్ తెరిస్తే పాత వీడియో గేముల బాణీలో ఒక ట్యూన్ మోగేది. సంగీతం చేసుకునే సాఫ్ట్‌వేర్‌ను దొంగిలించే పనికీ సొంత సంగీతం ఉండేదన్నమాట! ఆ ట్యూన్లను ఇప్పటికీ ఇష్టంగా వినేవాళ్లున్నారు.

దొంగ కాపీలు ఎక్కడిదాకా పాకాయో చెప్పడానికి నాకు తెలిసినంతలో విండోస్ ఎక్స్‌పీని మించిన ఉదాహరణ లేదు. ఆ సిస్టంలో కొత్తవాళ్లకు అన్నీ చూపించే టూర్ ఒకటి ఉండేది. దాని వెనక మోగే వేవ్ ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, అడుగున అవి ఏ సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యాయో కనిపించేది: సౌండ్ ఫోర్జ్ 4.5. దాని పక్కనే రేడియం గుంపులోని ఒక క్రాకర్ మారుపేరు. 2004లో జర్మన్ పత్రిక పీసీ-వెల్ట్ దీన్ని బయటపెట్టింది. పైరసీ మీద ప్రపంచమంతా కేసులు వేస్తున్న మైక్రోసాఫ్ట్, కోట్లమంది కంప్యూటర్లలోకి పంపిన ఫైళ్ల మీద క్రాకర్ ముద్ర ఉంది.

కంపెనీలు తాళాలను ఇంకా బిగించాయి. పేస్ అనే అమెరికన్ కంపెనీ ఐలాక్ డాంగిల్ తెచ్చింది. ఒకే డాంగిల్‌లో చాలా కంపెనీల ప్లగిన్ల లైసెన్సులు పెట్టుకోవచ్చు. స్టైన్‌బర్గ్ సింక్రోసాఫ్ట్ డాంగిల్‌ను నమ్ముకుంది. దాని తనిఖీలను ప్రోగ్రాం లోపల ఎక్కడికక్కడ అల్లేశారు. అయినా క్యూబేస్ ఎస్ఎక్స్ 3ను హెచ్‌టూఓ గుంపు పగలగొట్టింది. వాళ్లు తనిఖీలను ఒక్కొక్కటిగా తీసేయలేదు, డాంగిల్‌నే సాఫ్ట్‌వేర్‌తో అనుకరించి ప్రోగ్రాంను నమ్మించారు. ఆ తర్వాతి వెర్షన్ చాలాకాలం ఎవరికీ లొంగలేదు కాబట్టి తాళాలు బొత్తిగా పనికిరావని అనడానికి లేదు. సాఫ్ట్‌వేర్‌కు మంచి గిరాకీ ఉండే మొదటి కొన్ని నెలలు క్రాక్ రాకుండా ఆపినా కంపెనీకి లాభమే. రాత్రీపగలూ కష్టపడి రాసిన ప్లగిన్ వారంలో ఊరంతా ఉచితంగా తిరుగుతుంటే, ఒకరిద్దరు కలిసి నడిపే చిన్న కంపెనీకి అది కడుపు మీద దెబ్బ. క్రాకర్లను రాబిన్‌హుడ్‌లుగా చూపించే కథలు నాకు రుచించకపోవడానికి కారణం ఇదే.

కొన్నవాళ్ల పాట్లు మాత్రం అంతకంతకూ పెరిగాయి. చిన్న డాంగిల్, పోగొట్టుకోవడం తేలిక. పోతే అందులో లక్షల రూపాయల లైసెన్సులు! దానికి బీమా లాగా ఏటా డబ్బు కట్టించుకునే పథకాన్ని కూడా పేస్ కంపెనీయే పెట్టింది. 2013 జూన్‌లో ఐలాక్ పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి మారినప్పుడు లైసెన్సులు తారుమారై, ప్లగిన్లు తెరుచుకోక ఎందరో ఇంజనీర్ల పనులు ఆగిపోయాయి. వాళ్లంతా డబ్బు కట్టినవాళ్లే.

తాళం తీసేసినా బతకొచ్చని ఆపిల్ చూపించింది. సీ-ల్యాబ్ వారసురాలు ఈమ్యాజిక్‌ను 2002లో కొని, దాని సంగీత ప్రోగ్రాం లాజిక్‌ను విండోస్‌లో ఆపేసింది. 999 డాలర్లకు డాంగిల్‌తో సహా అమ్మిన లాజిక్‌ను 2007 సెప్టెంబరులో డాంగిల్ లేకుండా 499కే ఇచ్చింది. 2011 చివర్లో యాప్ స్టోర్‌లో అది 199.99కి దిగింది. అప్పట్లో లాజిక్ నడవాలంటే మ్యాక్ కొనాల్సిందే. ఆపిల్ అసలు తాళం ఆ కంప్యూటరే కాబట్టి ఇందులో దాతృత్వమేమీ లేదు.

రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాం సంగతి వేరు. దాన్ని రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ అంతకుముందు కంప్యూటర్లో పాటలు వినిపించే విన్‌యాంప్ రాసిన మనిషి. ఫైళ్లు పంచుకునే నుటెల్లా వెనకా అతనే ఉన్నాడు. కాపీలు ఎలా తిరుగుతాయో అతనికి ఒకరు చెప్పాలా? రీపర్‌కు తాళం పెట్టలేదు. 60 రోజుల ట్రయల్ ముగిశాక కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, తెరిచినప్పుడల్లా డబ్బు కట్టమని గుర్తుచేస్తుంది, అంతే. చిన్న వినియోగదారులకు ధర 60 డాలర్లు. ఇన్నేళ్లుగా ఆ పద్ధతిలోనే నడుస్తోంది. వాల్‌హల్లా లాంటి చిన్న కంపెనీ కూడా ప్లగిన్‌కు 50 డాలర్ల ధర పెట్టుకుని, తేలికపాటి లైసెన్సుతోనే పేరు తెచ్చుకుంది.

2016 మార్చిలో ర్యాపర్ కాన్యే వెస్ట్ తన ల్యాప్‌టాప్ తెర ఫొటో ట్విట్టర్‌లో పెట్టాడు. అందులో దొంగ కాపీలు దొరికే సైటు పైరేట్ బే ట్యాబ్, సీరం అనే సింథసైజర్ పేరు జనం కంటపడ్డాయి. సీరం ధర అప్పట్లో 189 డాలర్లు, ఆనాటి లెక్కన మన డబ్బుల్లో 12 వేల పైచిలుకు. అంత డబ్బున్నవాడికి ఇదేం బుద్ధి అని సంగీతకారుడు డెడ్‌మౌస్ లాంటివాళ్లు ఆటపట్టించారు. ఆ ఏడాదే స్ప్లైస్ అనే కంపెనీ సీరంను వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టింది. నెలకు 9.99 డాలర్లు కడుతూ పోతే ధర తీరగానే ప్లగిన్ సొంతం. మధ్యలో ఆపి, చేతిలో డబ్బున్నప్పుడు మళ్లీ అక్కడినుంచే కట్టుకోవచ్చు. తాళాల కన్నా ఈ వాయిదా పద్ధతే క్రాక్ వాడే కుర్రాళ్లను ఎక్కువగా కొనేవాళ్లుగా మార్చిందని నా నమ్మకం.

క్రాక్ వాడటంలో ఉన్న అసలు ప్రమాదం కూడా ఈ మధ్యలోనే బయటపడింది. 2019లో ఈసెట్ అనే భద్రతా సంస్థ లౌడ్‌మైనర్ అనే హానికర ప్రోగ్రాం గురించి చెప్పింది. వీఎస్‌టీకి సంబంధించిన 137 దొంగ కాపీల్లో దాన్ని దాచి పెట్టారు. అది వాడేవాడికి తెలియకుండా అతని కంప్యూటర్‌తో క్రిప్టో కరెన్సీ తవ్విస్తుంది. సంగీతం చేసేవాళ్ల కంప్యూటర్లు బలంగా ఉంటాయి, ఫ్యాను హోరెత్తినా ప్లగిన్ల బరువే అనుకుంటారు. అందుకే ఈ రంగాన్ని ఎంచుకున్నారు. ‘ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి’ అని క్రాక్‌తో పాటు వచ్చే సూచన ఎవరికి మేలు చేసేదో వేరే చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది మ్యాక్ మీద సంగీతం చేసే ప్రోగ్రాం ఏబుల్టన్ లైవ్ దొంగ కాపీల్లో ఈవిల్‌క్వెస్ట్ దొరికింది. అది ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం.

హైదరాబాద్‌లో కీబోర్డ్ ప్రోగ్రామర్ల నుంచి యూట్యూబ్ కోసం జానపద పాటలు చేసే ఇంటి స్టూడియోల దాకా ‘క్రాక్ ఉందా అన్నా?’ అన్న మాట మామూలే. ధరలు డాలర్లలో, సంపాదన రూపాయల్లో ఉన్నప్పుడు ఆ మాట పుట్టడం వింత కాదు. చట్టం మాత్రం ఆ తేడా చూడదు. మన కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. లాభం కోసమో వ్యాపారంలోనో వాడలేదని తేలితే జైలు లేకుండా 50 వేలలోపు జరిమానాతో వదిలే అధికారం కోర్టుకు ఉంది. పాటకు ఇంత అని తీసుకునే స్టూడియోకు ఆ వెసులుబాటు అందదు. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ తాళం పగలగొట్టడం గురించి. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే అది నేరం. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ఇంత మెత్తగా లేదు. పాడైపోయి, మార్కెట్లో దొరకని డాంగిల్‌ను దాటుకోవడానికి కూడా అక్కడ 2003లో ప్రత్యేక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

ఈలోగా తాళం చోటు మారింది. క్యూబేస్ 12తో 2022లో స్టైన్‌బర్గ్ డాంగిల్‌ను వదిలేసి, ఖాతాలో లాగిన్ అయ్యి మూడు కంప్యూటర్ల దాకా వాడుకునే పద్ధతికి వచ్చింది. ఐలాక్‌కూ క్లౌడ్ వచ్చింది, అంటే డాంగిల్ బదులు ఇంటర్నెట్ ద్వారా లైసెన్సు చూసుకునే పద్ధతి. చేతిలో పెట్టుకోవాల్సిన వస్తువు లేదు, పోతుందన్న భయమూ లేదు. కానీ ఇల్లు కొన్నాక తాళంచెవి అమ్మినవాడి జేబులోనే ఉన్నట్టు, లైసెన్సు ఇప్పుడు కంపెనీ సర్వర్లో ఉంది. ఆ సర్వర్ ఎన్నాళ్లు నడుస్తుందో కంపెనీ ఇష్టం.

అక్కడినుంచి సబ్‌స్క్రిప్షన్‌కు ఒక్క అడుగే దూరం. 1992లో పుట్టిన ఇజ్రాయెల్ కంపెనీ వేవ్స్ ఆ అడుగు వేసింది. 2023 మార్చి చివర్లో ప్లగిన్లను శాశ్వతంగా అమ్మడం ఆపేస్తున్నామనీ, ఇకపై నెలకు 14.99 లేదా 24.99 డాలర్లు కట్టాల్సిందేననీ ప్రకటించింది. అంతకుముందు కొన్న ప్లగిన్లు పనిచేస్తాయి గానీ వాటికి కొత్త అప్‌డేట్లు కొనుక్కునే దారి మూసేసింది. అంటే ఆపరేటింగ్ సిస్టం మారిన రోజున అవి మూలన పడాల్సిందే. ఏళ్ల తరబడి డబ్బు పోసినవాళ్లు భగ్గుమన్నారు. మూడు నాలుగు రోజుల్లోనే కంపెనీ క్షమాపణ చెప్పి, శాశ్వత లైసెన్సులనూ అప్‌డేట్ ప్లాన్‌నూ తిరిగి తెచ్చింది. సబ్‌స్క్రిప్షన్‌ను మాత్రం తీసేయలేదు. ఇప్పుడు వేవ్స్‌లో రెండూ అమ్మకానికి ఉన్నాయి.